కళ్ళంలో కూర్చున్న గాలి

ఒకప్పుడు వాన మాట తప్పేది కాదు. ఏటా మృగశిర కార్తె మొదటి రోజునే పడేది. అలాంటి మంచికాలంలో తూర్పుగాలికి అన్యాయం జరిగింది. కొర్రలు తూర్పారబట్టిన రోజున జరిగింది. చేసింది మనుషులే. ఇంకెవరు చేస్తారు?

ఈ తూర్పుగాలి ఎవరో తెలుసా? మన సముద్రానికి ఆవల, ఇంకా ఆవల, ఒక మహాసముద్రం ఉంది. దాని ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు పగలూ రాత్రీ నడిచే గాలి ఆమె. ఊరికే నడవదు. ఎండకు కాగిన నీళ్ళను గొర్రెల మందలా మన వైపుకు తోలుకొస్తుంది. ఆ వేడినీళ్ళు ఇటు చేరితేనే ఆమె చెల్లెలు నైరుతిగాలి నడుం వంచి మబ్బుల్ని మోసేది. అక్క పని చేస్తేనే చెల్లెలికి పని.

అంత చాకిరీలోనూ ఆమె మన కళ్ళాల దగ్గర ఆగేది. చేట ఎత్తి పిలిస్తే చాలు, పొట్టు ఎగరగొట్టి గింజ మిగిల్చేది.

కళ్ళంలో పని చేసిన ప్రతివాళ్ళకూ రాశిలోంచి వాటా తీసి పెట్టడం ఆ ఊరి ఆచారం. కోసినవాళ్ళకు పెట్టారు. కమ్మరికీ కుమ్మరికీ పెట్టారు. గింజ తొక్కిన ఎద్దుకూ దోసెడు పెట్టారు. "మరి గాలికి?" అని ఎవరో అడిగారు.

"గాలికి కడుపెక్కడిది?" అన్నాడు ఊరిపెద్ద చెన్నప్ప.

అందరూ నవ్వారు. పొద్దుటినుంచి ఒక్క చేట ఎత్తని మనిషి వేసిన హాస్యం అది.

గాలి విన్నది. కూర్చుంది.

ఆనాటినుంచి దీపంలో మంట కదలడం మానేసింది. పొయ్యి పొగ తాటిమానులా నిలబడిపోయింది. రాలిన ఆకు రాయిలా నిట్టనిలువున పడేది. కాకులు కొమ్మల మీద రెక్కలు ముడుచుకుని, మనుషుల్ని చూస్తూ కూర్చునేవి. అరిచేవి కావు.

అక్కడ మహాసముద్రంలో తోలేవాళ్ళు లేక వేడినీళ్ళు లేచి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి నడిచాయి. ఆ ఒడ్డున చేపలు వెల్లకిలా తేలాయి. చినుకెరగని ఎడారిలో కుండపోత కురిసింది. ఎప్పుడో పాతిపెట్టిన ఎముకలు ఇసుకలోంచి పైకి వచ్చాయి.

ఇక్కడ మృగశిర వచ్చింది. వాన రాలేదు. వాన కోసం చెన్నప్ప కప్పను రోకలికి కట్టించి ఊరేగించాడు. ఆ కప్ప కూడా నోరు విప్పలేదు.

ఆ ఊళ్ళో ఓబులమ్మ అని ఒకావిడ ఉండేది. ఇంట్లో పాలు మరవని కూతురు సుంకులు, కుండలో దోసెడు విత్తనపు కొర్రలు. అంతే మిగిలింది. విత్తితే మాడిపోతాయి, వండితే బిడ్డకు ఒక పూట గంజి. వండడానికే తెగించి, వాటిని దంచి, మిట్టమధ్యాహ్నం కళ్ళానికి వెళ్ళి చేట ఎత్తింది.

పొట్టూ గింజా కలిసే కింద పడ్డాయి.

అప్పుడు చూసింది. కళ్ళం నడుమ ఒక ముసలామె కూర్చుని ఉంది. అంత ఎండలోనూ ఆమెకు నీడ లేదు. మాట్లాడితే ఎదురుగా ఉన్న పొట్టు కూడా కదల్లేదు.

"నువ్వు నవ్వలేదు ఓబులమ్మా," అన్నది. "నా వాటా అడగనూ లేదు."

ఓబులమ్మ పారిపోలేదు. కొంగు పరిచి, ఉన్న గింజలన్నీ ఎత్తి అందులో పోసింది.

"తిను తల్లీ. తిని కూచో. నేను లెమ్మనను."

ముసలామె వంగింది. గింజలు మాయమయ్యాయి. కొంగులో పొట్టు మిగిలింది.

అంతలో గుడిసెలోంచి ఏడుపు వినపడింది. చాలా సన్నగా, తెగుతూ తెగుతూ.

"ఎవరది?"

"నా బిడ్డ. ఆకలికి."

"గంజి పొయ్యకపోయావా?"

"నువ్వు తిన్నావు కదమ్మా."

ముసలామె మోకాళ్ళు పట్టుకుని లేచింది. పొట్టు కదిలింది.

"లేస్తున్నాను. కానీ కాళ్ళు పీకిన ఏడు మళ్ళీ కూర్చుంటాను," అన్నది.

ఏ ఏడో చెప్పమని ఓబులమ్మ బతిమాలింది.

"చెప్పను. చెబితే ఆ ఒక్క ఏడే నాకు మర్యాద చేస్తారు. పో, పిల్లను ఎత్తుకో. కూర్చుని లేచాను, నా విసురు నాకే తెలీదు."

ఓబులమ్మ పరుగెత్తి పిల్లను ఎత్తుకుని గట్టెక్కింది. వెనకనే వాన దిగింది. గుడిసె కొట్టుకుపోయింది. చెన్నప్ప గాదె గింజలతో సహా పోయింది. చంకలో సుంకులు నోరు తెరిచి వానచుక్క మింగింది. వరద తీశాక ఊరివాళ్ళు చెన్నప్ప గాదెలోంచి కొట్టుకొచ్చి గట్టున చిక్కుకున్న గింజలు ఏరుకున్నారు. మొదటి దోసెడు ఓబులమ్మ గాలికి వదిలి, రెండోది పిల్లకు గంజి కాచింది.

అప్పటినుంచే తూర్పుగాలి కొన్నేళ్ళకోసారి చెప్పాపెట్టకుండా కూర్చుంటుంది. అప్పుడు ఇక్కడ కరువు, అక్కడ వరద. విసురుగా లేచిన ఏడు అక్కడ ఎండ, ఇక్కడ వరద. చదువుకున్నవాళ్ళు సముద్రపు వేడి చూసి, ఎప్పుడు కూర్చుంటుందో ముందే పసిగట్టాలని చూస్తారు. చూడనివ్వండి.

గాలి మొదటిసారి లేచిన రోజును మాత్రం, ఆలస్యమైనా లేస్తుందని గుర్తుండేలా, గుడిసె పోయిన చోట బండ మీద ఓబులమ్మ చెక్కించింది. మృగశిర దాటింది, ఆరుద్ర దాటింది. పునర్వసు కార్తె, మూడో రోజు.