గవరమ్మ ఇంటి నిశ్శబ్దం

రాజు మల్లభూపాలుడికి మనశ్శాంతి కరువైంది. రోజూ పొద్దున్నే ఒక గడియసేపు మౌనంగా కూర్చోమని ఎవరో గురువు చెబితే, ఆయన ఊరందరి నోళ్లూ మూయించాడు. ఆ గడియలో చప్పుడు చేసినవాళ్లకు చెర. రాజు పెదవి విప్పినా వ్రతభంగమే.

ఒకరోజు కంచరి వీరాచారి బిందె మీదికి సుత్తి ఎత్తగానే మౌనం గంట మోగింది. ఎత్తిన సుత్తి గాల్లో ఆగుతుందా? ఠంగుమంది. ఆయన్ని చెరలో వేశారు. భార్య గవరమ్మ మొర పెట్టుకోబోతే కాపలావాళ్లు కసిరి తరిమేశారు.

మర్నాటి నుంచి ఆమె సరిగ్గా మౌనం గడియలోనే వచ్చి రాజు ఎదుట కూర్చునేది. కసరడానికి అప్పుడు ఎవరికీ నోరు లేదు, ఈడ్చుకెళితే అలికిడవుతుంది. రాజు కళ్లు మూసుకున్నా ఆమే కనిపించేది.

నెలలు గడిచాక, ఒకనాడు గడియ ముగియగానే రాజు అరిచాడు.

"నీ మొగుణ్ణి వదిలేస్తాను, ఇక రాకు!"

"ఆయన పోయిన వానాకాలంలోనే మీ చెరలో కన్నుమూశాడు ప్రభూ. మీవాళ్లు చెప్పలేదా?"

రాజు ముఖం పాలిపోయింది. "మరి ఇంకా ఎందుకొస్తున్నావు?"

"నిశ్శబ్దంలో శాంతి ఉందన్నారుగా! మీకు దొరికేది గడియసేపే. సుత్తి ఆగిపోయిన మా ఇంట్లో పొద్దస్తమానం నిశ్శబ్దమే. ఒకసారి వచ్చి కూర్చోండి. ఆ శాంతి ఎక్కడుందో నాకూ చూపిద్దురుగాని."

మర్నాడు మౌనం గంట మోగలేదు. ఊళ్లో సుత్తులూ రోకళ్లూ పసిపిల్లల ఏడుపులూ మళ్లీ వినిపించాయి.

గవరమ్మ ఇల్లు మాత్రం అలాగే ఉండిపోయింది.