యాభయ్యో సుద్దగీత

తెలివి విషయంలో బుద్ధాల వారికి లోటు లేదు. ఊరందరికీ పంచినా ఇంకా గంపెడు మిగులుతుందని వాళ్ళే చెప్పుకునేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళకి మాత్రం ఇంతవరకూ ఒక్క గింజ కూడా అందలేదు. ఆ ఇంట్లో ఉన్నది అన్న సూరన్న, తమ్ముడు అబ్బులు, మేనత్త మాణిక్యం, ఒక పాత కారు.

అబ్బులుకి సీతారత్నంతో పెళ్ళి కుదిరింది. పిల్లంటే వాడికి ప్రాణం. కానీ నిశ్చితార్థం నాడు ముచ్చటపడి కారెక్కించి కాలవగట్టు మీద తిప్పితే, ప్రతి మలుపులోనూ కారు ఉయ్యాలలా ఊగింది. పిల్లకి వాంతులయ్యాయి. "ఊగే కారులో అత్తారింటికి రానంటే రానండి" అని తేల్చేసింది. అంతే, అబ్బులుకి తిండి సయించలేదు.

అన్నదమ్ములు టౌనుకెళ్ళి మెకానిక్ మస్తాన్ కాళ్ళమీద పడ్డారు. ఆయన చక్రాల వెనకాల ఇనప బిళ్ళలు పెట్టి బిగించాడు.

"వీటిని స్పేసర్లంటారు. చక్రాలు కాస్త బయటికి జరుగుతాయి. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషిలాగ కారు నిబ్బరంగా ఉంటాది. అది లాభం. నష్టాలూ ఉన్నాయి. టైరు మడ్‌గార్డుకి తగలొచ్చు. బేరింగుల మీద బరువు పడతాది, కొన్నాళ్ళు ఇద్దరికి మించి ఎక్కకండి. యాభై కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్ళీ బిగించండి. లేపోతే ఊడిపోతాయి."

"ఆయ్, అలాగేనండి" అన్నారు ఇద్దరూ.

ఇంకేముంది! టైరు మడ్‌గార్డుకి తగలకూడదని మడ్‌గార్డులు నాలుగూ పీకేశారు. బరువు పడకూడదని స్టెప్నీ, జాకీ, నట్లు బిగించే పానా ఇంట్లో దింపేశారు. నిబ్బరం కోసం మేనత్తతో సహా ముగ్గురూ కాళ్ళు ఎడంగా పెట్టి నడవడం మొదలెట్టారు. కిలోమీటరుకొకటి చొప్పున సూరన్న కారులో సుద్దముక్కతో గీత గీశాడు. టౌను నుంచి ఇంటికొచ్చేసరికి ముప్పై ఎనిమిది గీతలయ్యాయి.

పెళ్ళిరోజు పొద్దున్నే అబ్బులు కారు తోలుతుంటే సూరన్న పక్కన సుద్దముక్క పట్టుకుని కూర్చున్నాడు. పెళ్ళిపందిరి ఇంకో మూడు కిలోమీటర్లుందనగా, సరిగ్గా కాలవ వంతెన నడిమధ్య యాభయ్యో గీత పడింది.

"ఆపరా! నట్లు బిగించాలి."

"పానా ఏదన్నయ్యా?"

"బరువని ఇంటి దగ్గర దింపేశాం కదరా."

"పోనీ వెళ్ళి తెచ్చుకుందామా?"

"వెళ్తే అరవై రెండవుద్ది. మస్తాన్‌గారు యాభై అన్నారు గానీ అరవై రెండు అన్నారా?"

అబ్బులుకి ఏడుపొచ్చినంత పనైంది. అవతల ముహూర్తం దగ్గర పడుతోంది. అప్పుడు సూరన్న బుర్రలో బుద్ధాల వారి తెలివి తళుక్కుమంది.

"ఒరే, ముందుకెళ్తే గీతలు పెరుగుతాయి. మరి వెనక్కెళ్తే తగ్గాలి కదా!"

అంతే. కారు తిప్పకుండా పన్నెండు కిలోమీటర్లూ రివర్సు గేరులోనే వెనక్కి తోలాడు అబ్బులు. సూరన్న ఒక్కో గీతా చెరుపుతూ కూర్చున్నాడు. ఇంటి దగ్గర పానా తీసుకుని, ముందుకొచ్చి, సరిగ్గా వంతెన మీదే నట్లు బిగించారు. మడ్‌గార్డులు లేవేమో, కాలవగట్టు బురదంతా పెళ్ళికొడుకు నెత్తినే ఉంది. పందిట్లో మామగారు పోల్చుకోలేక "ఎవరయ్యా నువ్వు?" అన్నాడు. ఎలాగైతేనేం, ముహూర్తానికి రెండు నిమిషాలు ముందు నాలుగు బిందెల నీళ్ళు గుమ్మరించి పీటల మీద కూర్చోబెట్టారు. మూడు ముళ్ళూ పడ్డాయి. అబ్బులు ఆనందం పట్టలేకపోయాడు.

అప్పుడు సూరన్న చెవిలో ఊదాడు. "తమ్ముడూ, కొత్తగా బిగించినవి యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించాలన్నారు కదా. మరి ముళ్ళ సంగతేంట్రా?"

అబ్బులు రత్నం మెడ వైపు చూశాడు. ఇంత కష్టపడి కట్టిన తాళి ఊడిపోతే? మళ్ళీ బిగించాలంటే మంత్రాలు కావాలి. మంత్రాలకి పంతులుగారు కావాలి. కారులో ఇద్దరికి మించి ఎక్కకూడదు. సూరన్న బస్సులో వస్తానన్నాడు. అయినా ఒకరు ఎక్కువే.

"రత్నం, నువ్విక్కడే ఉండు. ముళ్ళు బిగించేసి వచ్చేస్తాం" అన్నాడు అబ్బులు.

"కారు ఊగదు కదండీ?"

"పంతులుగారిని చూసి చెప్పమంటాను."

ఇంటి దాకా దింపుతాడు కాబోలనుకుని పంతులుగారు ఎక్కారు. అబ్బులు పాత గీతలన్నీ తుడిచేసి, ఆయన చేతిలో సుద్దముక్క పెట్టాడు. పదిహేనో గీత దగ్గర సొంత ఇల్లు వచ్చింది. హారతి పళ్ళెంతో గుమ్మంలో నిలబడ్డ మేనత్తకి చెయ్యూపి ముందుకెళ్ళిపోయాడు. యాభయ్యో గీత పడగానే రోడ్డు పక్కన ఆపాడు.

"చదవండి పంతులుగారూ, ముళ్ళు బిగించాలి."

"ఎవరి మెడలో నాయనా?"

అబ్బులు వెనక సీటు చూశాడు. సీటు కింద కూడా చూశాడు. అంతలోనే మొహం వెలిగింది.

"కంగారు పడకండి. వెనక్కి తోలానంటే అసలు బయల్దేరనట్టే లెక్క. మీరు గీతలు చెరుపుతూ ఉండండి."

పొద్దు వాలేవేళకి కారు వెనక్కి వెనక్కి వచ్చి పందిరి ముందు ఆగింది. ఆఖరి గీత చెరిపి పంతులుగారు మెడ పట్టుకుని మూలిగారు. సీతారత్నం పరుగెత్తుకొచ్చింది.

"ఇదేంటండీ, మీరింకా బయల్దేరలేదా?"

అబ్బులు వంగి చూశాడు. ఒక్క గీత కూడా లేదు.

"లేదు రత్నం, ఇప్పుడే" అని, పంతులుగారు దిగేలోపే కారు ముందుకి ఉరికించాడు.