కరకట్ట మీద పార

వెళ్ళే దారే లేనివాడు ఉండిపోతే, దాన్ని ఇష్టమంటారా? ఊరికే తల ఊపకండి, ఆలోచించి చెప్పండి.

మంచుదేశంలో నేల విస్తారం, మనుషులు తక్కువ. దున్నేవాడు వెళ్ళిపోతే దొరకు మిగిలేది మంచే. అందుకని మనిషిని నేలకు కట్టేశారు. ఒకప్పుడు కోతలయ్యాక ఒక్క రోజు, దొరను విడిచిపోయే హక్కుండేది. రాజు ఆ రోజునూ తీసేశాడు.

నీటిదేశంలో నేలే లేదు. జనమే సముద్రాన్ని వెనక్కి నెట్టి, కరకట్ట పోసి, నేల సంపాదించుకున్నారు. కట్టలో తన వంతు కాచుకున్నవాడిదే ఆ వెనక పొలం.

మంచుదేశపు దొర తన వడ్రంగిని ఓడలు కట్టడం నేర్చుకు రమ్మని నీటిదేశం పంపాడు. తిరిగి రాకుండా పోతాడేమోనని అతని భార్యను తన ఇంటిపనిలో పెట్టుకున్నాడు.

ఒక ఉదయం వడ్రంగి పనికి పోతుంటే కట్ట మీద నిలువునా గుచ్చిన పార కనిపించింది. ఎవరో మరిచిపోయారు పాపం అనుకున్నాడు. అతని ఊళ్ళో పనిముట్టు పోగొట్టుకుంటే వీపు చిట్లుతుంది మరి. పార పీకి, ఎవరిదని ఇంటింటా అడిగాడు. అందరూ పారను చూశారు, అతన్ని చూశారు, తలుపేసుకున్నారు. చివరి ఇంట్లో అవ్వ మాత్రం నవ్వి చెప్పింది: కట్ట కాయలేనివాడు పార గుచ్చి, పొలం వదిలి పోతాడు. ఆ పార పీకినవాడిదే పొలం. ఆ మేరకు సముద్రమూ వాడిదే.

"నేను దొర మనిషినవ్వా."

"మీ దొర వచ్చి కట్ట కాస్తాడా నాయనా?"

"మరి పార గుచ్చినాయన ఎటు పోయాడు?"

"ఏమో. పోయేవాణ్ణి మేం అడగం."

ఆ చలికాలమంతా అతను కట్ట కాచాడు. తుపాను లేస్తే అందరూ వచ్చి భుజం కలిపి మట్టి పోసేవారు. తుపాను తగ్గితే ఎవరింటికి వాళ్ళు. సొంత పొలం వచ్చింది, సొంత తలుపు వచ్చింది, తట్టేవాళ్ళే లేరు. తన భాషలో ఒక మాట ఆడాలనిపిస్తే గాలికి ఎదురు నిలబడి ఆడుకునేవాడు.

ఎండలు రాగానే, భార్యను తెచ్చుకునేదాకా తన వంతు కట్ట చూడమని అవ్వను అడిగాడు. శరదృతువులో మొదటి తుపాను దాకా చూస్తానంది. ఆ తర్వాత తన వల్ల కాదంది.

మంచుదేశం చేరగానే సొంత ఊరు అతన్ని కావలించుకుంది. మనిషి తిరిగొచ్చాడు కదా అని దొర భార్యను ఇంటికి పంపేశాడు. ఒకే కుండలో గంజి, ఒకే పొయ్యి చుట్టూ పడకలు. తిన్నావా, చిక్కావే, అక్కడ ఏడ్చావా అని అడగని మనిషి లేడు. అతనికి ప్రాణం లేచొచ్చింది. దాపరికం లేకుండా పొలం సంగతి, కట్ట సంగతి, వెళ్ళబోయే సంగతి అందరికీ చెప్పేశాడు.

కోతలయ్యాక, రాజు తీసేసిన ఆ రోజునే, భార్యాభర్తలు తెల్లవారగానే మూటలతో బయల్దేరారు. ఊరు దాటకముందే వెనక అడుగుల చప్పుడు. దొర మనుషులు కాదు, ఇరుగుపొరుగు. అందరికంటే ముందు చిన్ననాటి స్నేహితుడు, కళ్ళ నిండా నీళ్ళతో.

"నువ్వు పోతే నీ వంతు వెట్టి మా నెత్తిన పడుతుంది తమ్ముడూ. మాకూ పిల్లలున్నారు."

తాడు బయటికి తీశారు. భార్యే చేతులు చాచింది.

"ఏడుస్తూనే కట్టన్నా. తడి తాడుకు ముడి బాగా బిగుస్తుంది."

ఇంటికి తెచ్చి, తాడు విప్పి, ఇద్దరికీ వేడి గంజి పోశారు. ఇంకాస్త తాగమని బతిమాలారు. దొర ఇంకా నిద్ర లేవలేదు. అతనికి ఈ సంగతి ఎన్నడూ తెలియలేదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. పొయ్యి చుట్టూ ఊరంతా కూర్చుంది. ఆ ఇద్దరి పక్కన మాత్రం ఎవరూ లేరు.

అక్కడ నీటిదేశంలో సముద్రం మీద గాలి లేచే కాలం అది.

విన్నారుగా. ఇక లేవండి. మీ వీధిలో ఎవరో ఒకరు మూట కట్టుకుంటూనే ఉంటారు. అడ్డం పడకండి, తలుపూ వేసుకోకండి. అన్నం తిన్నారా అని అడగండి. ఆ మూట ఒకవైపు పట్టుకుని, ఊరి చివరిదాకా వాళ్ళ వెంట నడవండి.