నల్లకుప్ప మీద ఎర్రమన్ను

నోరు నాది, చెవులు మీవి, వినండి. మీ అవ్వల అవ్వలు ఇంకా ఉయ్యాల ఎక్కని కాలం. వాగుకు అటూ ఇటూ ఒకటే ఊరు. తూర్పు గడ్డన ఎర్రమన్ను, పడమటి గడ్డన నల్లమన్ను. తూర్పువాళ్ళు అమ్మవారికి దీపం పెట్టేవాళ్ళు, తూర్పు రాజే మా రాజు అనేవాళ్ళు. పడమటివాళ్ళు పీరుకు ఊదు వేసేవాళ్ళు, పడమటి సుల్తానే మా సుల్తాను అనేవాళ్ళు. ఆ రాజూ ఈ ఊరు చూళ్ళేదు, ఆ సుల్తానూ చూళ్ళేదు.

ఊరిపెద్దను ఎంచుకునే నాడు అందరూ ఎండిన వాగులో చేరేవాళ్ళు. ఎవరి వాకిట్లో మన్ను వాళ్ళు పిడికెడు తెచ్చి, కావలసిన మనిషి ముందు పోసేవాళ్ళు. ఎవరి కుప్ప పెద్దదైతే వాడే పెద్ద. ఎర్రమన్ను తూర్పు మనిషికి, నల్లమన్ను పడమటి మనిషికి. ఎప్పుడూ అంతే.

తూర్పు గడ్డన తిప్పవ్వ అని ఒక ముసలిది. కిత్తనార తాళ్ళు పేనుకుని బతికేది. కరువొచ్చిన ఏడు తూర్పు పెద్ద నరసప్ప తన ధాన్యం పాతరకు కాపలా పెట్టి, బండి కట్టుకుని వెళ్ళిపోయాడు. పడమటి దస్తగిరి తన జొన్న పాతర తీసి రెండు గడ్డలకూ అంబలి పోశాడు. తిప్పవ్వ కూతురు లింగి ఆ అంబలి తాగే బతికింది.

మళ్ళీ ఎంపిక వచ్చింది. ఒక పక్క నరసప్ప, ఒక పక్క దస్తగిరి. దారిలో నరసప్ప తమ్ముడు ఎదురొచ్చాడు.

"ఏమవ్వా, పిడికిట్లో ఏముంది?"

"మన్నేలే నాయనా. బంగారమైతే మీయన్న ఈపాటికి పాతరేసుండడా?"

పక్కవాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు. "దీపం పెట్టే చెయ్యి అది. యాడ పొయ్యాలో గెవనం పెట్టుకో."

జనం తోసుకుంటున్నారు, ఏ చెయ్యి ఎవరిదో తెలియడం లేదు. తిప్పవ్వ అంబలి తలుచుకుంది. వంగి, దస్తగిరి ముందు పిడికిలి విప్పింది.

గెలిచింది నరసప్పే. అయినా తూర్పువాళ్ళు ఇళ్ళకు పోలేదు. నల్లకుప్ప మీద ఎర్రమచ్చ.

"మనలో ఎవురిదిరా ఆ చెయ్యి?"

మొదట గొర్రెల ఎంకడిని పట్టుకున్నారు. అమ్మవారి మీద ఒట్టేశాడు, వదిలేశారు. తర్వాత మంగలి పుల్లన్నను పట్టుకున్నారు. బిడ్డల మీద ఒట్టేశాడు, వదిలేశారు. మూడోసారి ఈరక్కను పట్టుకున్నారు. కొత్త కోడలు, నిండు చూలాలు. పడమటి బావిలో నీళ్ళు తోడుకుంటుందని ఎవరో అన్నారు. ఆ పిల్లకు ఏడుపులో ఒట్టు నోట రాలేదు. మామ జుట్టు పట్టి ఈడ్చాడు.

"ఇడువు సామీ ఆ పిల్లను. ఆ చెయ్యి నాది," అంది తిప్పవ్వ.

"దస్తగిరి ఏమిచ్చినాడే నీకు?" అన్నాడు ఈరక్క మామ.

"అంబలి. నువ్వూ తాగినావు, రెండో ముంత అడిగి మరీ."

ఆ మాటకే వాళ్ళకు ఎక్కువ మండింది. ఆ రోజు నుంచి ఆమె తాళ్ళు కొన్నవాళ్ళు లేరు. నిప్పు అడిగితే ఇచ్చినవాళ్ళు లేరు. లింగిని ఆమె మొగుడు పుట్టింటి గడప తొక్కనివ్వలేదు. ఒకరోజు తిప్పవ్వ వాగు దాటి దస్తగిరి ఇంటికి పోయింది.

అతను తలుపు సందులోంచే అన్నాడు: "మాఫ్ చెయ్యమ్మా. నిన్ను లోపలికి రానిస్తే మావాళ్ళు నన్ను అటువాడంటారు."

ముసురు రోజుల్లో తిప్పవ్వ పోయింది. తూర్పు రాలేదు, పడమరా రాలేదు. మొగుడికి చెప్పకుండా లింగి వచ్చింది. చంటిబిడ్డను చంకనేసుకుని ఈరక్క వచ్చింది. ఇద్దరూ చాపలో చుట్టి, వాగు ఇసుకలో పూడ్చారు. వాగుకు నీళ్ళొచ్చాయి. ఆ గుంత కూడా మిగల్లేదు.

మళ్ళీ ఎంపిక వచ్చింది. ఈరక్క వాకిట్లో మన్ను తేలేదు. వాగులోనే వంగి పిడికెడు ఇసుక తీసుకుంది.

"కుప్పలకు అడ్డం గొంగళ్ళు కట్టండి. లేకుంటే నేను పొయ్యను," అంది.

తూర్పు ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఇసుక తీసుకున్నారు. తర్వాత పడమటి ఆడవాళ్ళు. మగవాళ్ళు గొణిగి గొణిగి గొంగళ్ళు కట్టారు. ఆ ఏడూ గెలిచింది నరసప్పే. కానీ ఎవరి పిడికెడు ఎటు పోయిందో చెప్పగలిగినవాడు లేడు.

ఆ వాగు పల్లెల్లో ఇప్పటికీ ఇసుకే పోస్తారు. "ఎవరికి పోసినావు?" అంటే నోరు విప్పరు. వాగు వైపు చెయ్యి చూపించి, "తిప్పవ్వనడుగు," అంటారు.

అడిగేవాళ్ళు మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.