మూగదండు చిలక

గోరువంక గూటిలోన దీపమెట్టె
దీపమేమో చిన్నదాయె, చీకటేమో పెద్దదాయె...

ఆ తరవాత పాదం ఎంత తలుచుకున్నా కువలయకి గుర్తు రాలేదు. చిన్నప్పుడు దీపాలు పెట్టే వేళ చిన్నన్న పాడేవాడు ఆ పాట. ఒకసారి గాలికి దీపం ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టి బొటనవేలు కాల్చుకున్నాడు కూడా. ఆ మచ్చ గుర్తుంది ఆమెకి. పాదమే గుర్తు లేదు.

వెనకటికి ఏడు సముద్రాలకి ఇవతల ఒక రాజు ఉండేవాడు, పిల్లలూ. ఆయనకి ముగ్గురు కొడుకులు, ఆఖరున ఒక కూతురు. ఆ కూతురే కువలయ. ఏడు సముద్రాలకి అవతల ఒక గుహ ఉండేది. ఆ గుహలో మూగదండు ఉండేది. వాళ్ళ పేరు చెబితే ఏడ్చే పిల్లలు ఏడుపు మింగేసేవాళ్ళు. గోడల మీద బల్లుల్లా పాకేవాళ్ళు. వెదురు కొసన నిలబడి కత్తి తిప్పేవాళ్ళు. వచ్చే బాణాన్ని రెండు వేళ్ళతో పట్టుకునేవాళ్ళు. అందరికీ మట్టి ముసుగులే. వాళ్ళ గురువు కరాళుడు పెద్ద మాయలమారి. చిక్కినవాణ్ణల్లా దండులో కలుపుకుని, వాడి గొంతు లాగి తన చిలకలో దాచేవాడు. గొంతుతోపాటు వాడి జ్ఞాపకమూ పోయేది.

ఆ దండు పీడ వదిలిస్తానని పెద్దన్న వెళ్ళాడు, రాలేదు. నడిపన్న వెళ్ళాడు, రాలేదు. చిన్నన్న వెళ్ళాడు, రాలేదు. ఒకనాడు తెల్లవారేసరికి రాజుగారి తలగడ మీద ఒక మట్టి ముసుగు ఉంది. అంటే, వచ్చే పున్నమికి ఆ తల తీసుకుపోతారని. కువలయకి ఒకటే ఆలోచన. నాన్న తల కొయ్యడానికి వచ్చేది అన్నలే అయితే?

ఆ ముసుగు తీసుకుని సముద్రం ఒడ్డుకి పోయింది. అక్కడ గాలం నోట్లో గుచ్చుకుని ఏడుస్తున్న తాబేలు కనపడింది. గాలం తీసింది. "ఎక్కు తల్లీ వీపు మీద" అంది తాబేలు, ఆమె చేతిలో ముసుగు చూసి. "వాళ్ళ బావి అడుగున మా చుట్టాలున్నారు. వాళ్ళ సంగతులన్నీ నాకు తెలుసు."

"నాకు భయంగా ఉంది తాబేలు మామా."

"నాకూ భయమే! అయితే నేను నా ఇంట్లోకి తల దూర్చేస్తాను. నీకు ఆ ఇల్లు కూడా లేదే, పాపం!"

ఒక్కొక్క సముద్రం దాటుతూ తాబేలు మూడు మాటలు చెప్పింది. "గుహలో ముఖం కనపడకూడదు, మాట వినపడకూడదు. తనని ఎవరూ ఆనవాలు పట్టి చంపకూడదని గురువు పెట్టిన కట్టు అది. తనూ ఎర్ర ముసుగులోనే ఉంటాడు, సైగలతోనే చెబుతాడు. కట్టు తప్పినవాణ్ణి గోతిలో తోసేస్తారు. ఇదొకటి. నీళ్ళు తాగితే ఎడం చేత్తో తాగి గిన్నె బోర్లించాలి. ఇది రెండు. గురువు ప్రాణం చిలకలో ఉంది. చిలక ఏ గొంతుతో మాట్లాడుతూ చస్తుందో ఆ గొంతు దానితోనే పోతుంది. తక్కినవి ఎవరివి వాళ్ళకొస్తాయి. ఇది మూడు."

మిట్టమధ్యాహ్నం కువలయ ముసుగు పెట్టుకుని గుహలో భోజనాల బంతిలో కూర్చుంది. అంతమంది తింటున్నా నమిలే చప్పుడు లేదు. ముసుగు కిందనుంచి ఎడం చేత్తో నీళ్ళు తాగింది. గిన్నె అంచు పళ్ళకి తగిలి టంగుమంది. ముసుగులన్నీ ఇటు తిరిగాయి. గిన్నె బోర్లించింది. ముసుగులన్నీ అటు తిరిగాయి. పక్కన కూర్చున్నవాడి బొటనవేలి మీద కాలిన మచ్చ ఉంది! చిన్నన్న! కానీ అతను ఆమెని మట్టిగోడని చూసినట్టు చూశాడు.

అందరూ తలలు వంచి తింటూంటే ఆమె మెల్లగా గురువు ఉండే తెర వెనక్కి దూరింది. కరాళుడు ఎర్ర ముసుగు తీసి పక్కన పెట్టి, బావి మీదకి వంగి ముఖం కడుక్కుంటున్నాడు. అంత పిరికి తాబేలూ చుట్టాలున్న ఆ బావిలోంచి పైకి లేచి అతని వేలు పట్టుకుంది చూడండీ, ఇక వదల్లేదు! అతను చెయ్యి విదిలించుకునేలోగా కువలయ ఎర్ర ముసుగు తగిలించుకుని, వెళ్ళి గురువు పీట ఎక్కింది.

కరాళుడు ఉత్త ముఖంతో పరిగెత్తుకొచ్చాడు. "అది దొంగరా! పట్టుకోండిరా! నేనురా మీ గురువుని!"

ఆ ముఖం ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఆ గొంతు ఎవరూ ఎన్నడూ వినలేదు. కువలయ వేలు కిందికి చూపించింది. దండంతా లేచి, ముఖం చూపించి మాట్లాడిన ఆ మనిషిని ఎత్తి గోతిలో పడేసింది.

కానీ ప్రాణం గోతిలో లేదు కదా. "వస్తున్నానే పిల్లా!" అని నవ్వుతూ గోళ్ళతో గోడ గీరుకుంటూ పైకి ఎక్కుతున్నాడు.

ఆమె పీట పక్కనున్న పంజరంలో చెయ్యి పెట్టి చిలకని పట్టుకుంది. చిలక తెలివైంది. చిన్నన్న గొంతు ఎత్తుకుంది. "చెల్లీ, నన్ను చంపుతావా?" వేరే గొంతుకి మారుతుందేమోనని చూసింది. మారలేదు. గోతి అంచున వేళ్ళు కనపడ్డాయి.

"చిన్నన్నా!" అని కేక వేసేసింది కువలయ.

మాట వినపడింది. ముసుగులన్నీ తిరిగాయి. కత్తులన్నీ లేచాయి. అప్పుడు ఒక ముసుగు మనిషి గబాలున వచ్చి ఆమెకీ కత్తులకీ మధ్య నిలబడ్డాడు. ఏం గుర్తొచ్చిందో అతనికి! మచ్చ ఉన్న చెయ్యి ఆమె చేతి మీద వేశాడు. ఆమె "వద్దు" అన్నట్టు తల ఊపింది. అతను చెయ్యి తియ్యలేదు. చిలక గిలగిల్లాడి, ఆమె మనసు కరిగించాలని ఆ పాట అందుకుంది. ఆ చెయ్యి గట్టిగా బిగిసింది. చిలక మెడ వాలిపోయింది.

గోతి అంచున వేళ్ళు జారిపోయాయి. మట్టి ముసుగులన్నీ పెళపెళ పగిలాయి. పెద్దన్న "అమ్మా" అన్నాడు, నడిపన్న "ఆకలి" అన్నాడు. బంతిలో అవతలి పక్కన కూర్చున్న కుర్రాడు పొరుగుదేశం యువరాజట. నీ గిన్నె చప్పుడుకి నా ప్రాణం పోయిందమ్మాయ్ అని నవ్వాడు. తరవాత అతన్నే పెళ్ళాడింది కువలయ. రాజుగారి తల ఆయన మెడ మీదే తెల్లబడింది. వాళ్ళు చాలాకాలం చల్లగా ఏలారు.

చిన్నన్న మాత్రం మళ్ళీ మాట్లాడలేదు. రోజూ దీపాలు పెట్టే వేళ వచ్చి, ఆమె వత్తి వెలిగిస్తూంటే చెయ్యి అడ్డం పెట్టేవాడు. పాట ఆమే పాడేది, ఈసారి ఆఖరుదాకా. ఆ పాదం ఇక మరిచిపోలేదు. ఆ రోజు గుహలో, చిలక నోట, చిన్నన్న గొంతు ఆమెతో ఆఖరుసారి అన్నది అదే:

"గాలి వస్తే నా చెయ్యి అడ్డమమ్మా."