తోముకున్న ముఖం

"అయ్యా, వచ్చినవాళ్ళను వెంటనే చూడక ఇలా కూర్చోబెడతారెందుకు?" అని భుజంగం ఒకనాడు తన గురువు పేరిశాస్త్రిగారిని అడిగేశాడు. చాలాకాలంగా నాలుక చివరన ఆపుకున్న మాట అది.

చర్మవ్యాధులకు పేరిశాస్త్రిగారి దగ్గరికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చేవారు. ఆయన ఎవరినీ రాగానే ముట్టుకునేవారు కాదు. ఉత్త నీళ్ళతో ముఖం కడుక్కోమని, నీడలో బల్ల మీద కూర్చోబెట్టి, తన మందు తాను నూరుకునేవారు. మధ్యాహ్నమైతేగాని పిలిచేవారు కాదు. బల్ల మీదివాళ్ళు ఆవలిస్తూ ఉంటే భుజంగానికి ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. పొడి చర్మమో, జిడ్డు చర్మమో, ఊరికే కందిపోయే చర్మమో ముట్టుకుంటే తెలిసిపోతుంది. దానికింత సేపా? ఇది పెద్దరికం చూపించుకోవడమేనని లోలోపల తీర్మానించుకున్నాడు.

శాస్త్రిగారు మందు నూరడం ఆపారు. "రేపటి నుంచి నా పీట మీద నువ్వు కూర్చో. నీ మందు వికటించి ఎవరూ తిరిగి రాకపోతే, దసరా వెళ్ళాక మీ ఊళ్ళో సొంతంగా వైద్యం పెట్టుకో" అన్నారు.

భుజంగం కోరుకున్నదీ అదే. ఆ రాత్రి అతనికి సరిగా నిద్రపట్టలేదు. తెల్లవారగానే పీట ఎక్కి, వచ్చినవాళ్ళను వచ్చినట్టే చూసి పంపడం మొదలుపెట్టాడు.

బస్టాండు దగ్గర బజ్జీల బండి నడిపే అప్పయమ్మ చెంపలు మండుతున్నాయని వచ్చింది. భుజంగం వేలితో తాకాడు. గరుకుగా, బిగుసుకుపోయి, అక్కడక్కడా పొట్టు లేస్తోంది. పొడి చర్మమని తేల్చి, నూరుసార్లు కడిగిన నెయ్యి ఆకులో పెట్టి ఇచ్చాడు. రెండు పూటలా దట్టంగా రాయమన్నాడు.

"ఇంత బేగి తేల్చేశావేటి బాబూ? పెద్దాయనైతే మద్దేనం దాకా కూకోబెట్టేవోరు" అంది అప్పయమ్మ. ఆ మాట భుజంగానికి తియ్యగా తగిలింది.

వారం తిరక్కుండా ఆమె కొంగు ముక్కు దాకా కప్పుకుని వచ్చింది. తీసి చూపిస్తే నుదురూ, చెంపలూ చీముపొక్కులు. ముట్టుకుంటే నొప్పని నీళ్ళయినా తగలనివ్వడం లేదట.

"నా మొకం చూసి బేరాలన్నీ పక్క బండికి పోతన్నాయి. పొయ్యి ఆర్పేసుకోమంటావా?"

భుజంగానికి దసరా, తన ఊరు, సొంత వైద్యం అన్నీ ఒక్కసారిగా దూరమైనట్టు తోచింది. "పథ్యం తప్పి ఉంటావు" అన్నాడు కసురుకుంటూ. తన తప్పు కప్పుకోవడానికి ఎదుటివాళ్ళ మీదికి నెట్టేవాడి గొంతు అలాగే ఉంటుంది.

"నువ్వు పథ్యం చెప్తే కదా, నేను తప్పడానికి" అంది ఆమె.

శాస్త్రిగారు లేచి వచ్చి, గోరువెచ్చని నీళ్ళు ఇచ్చి మెల్లగా కడుక్కోమన్నారు. బల్ల మీద కూర్చోబెట్టారు. భుజంగం లోపలికీ బయటికీ తిరిగాడు. సర్దిన సీసాలే మళ్ళీ సర్దాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆమె నుదురూ ముక్కూ దీపపు కుందెలా నిగనిగలాడాయి. చెంపల మీద కూడా జిడ్డు ఊరుతోంది.

"మొదటిరోజు ఇక్కడికి ఎలా బయలుదేరావమ్మా?" అని అడిగారు శాస్త్రిగారు.

"ఏటి బాబూ, జిడ్డు మొకంతో వైద్యుడి గుమ్మం ఎక్కుతామా? బట్టల సబ్బెట్టి, పీచుతో తోముకుని మరీ వచ్చాను. పొయ్యికాడ నూనె పొగ ఊరికే వదల్దు కదా. రోజూ సబ్బెడతాను గానీ, ఆ రోజు ఇంకాస్త గట్టిగా తోమాను."

నెయ్యి మానమనీ, సబ్బు ముట్టవద్దనీ, పెసరపిండితో కడుక్కుని, పొగ తగలని వైపు నిలబడి బజ్జీలు వేయమనీ చెప్పి ఆయన ఆమెను పంపారు.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా భుజంగం ఆగలేకపోయాడు. "అయ్యా, ఆ రోజు నా వేలికి తగిలింది పొడి చర్మమే. ఒట్టేసి చెప్తాను."

"నీ వేలు పొరబడలేదు. ఆవిడ నీకు మర్యాద చేసి తోముకొచ్చింది. అసలు చర్మం బయటపడాలంటే కాసేపు కూర్చోవాలి."

భుజంగం తల దించుకున్నాడు. అయినా ఉండబట్టలేక, "మరి దసరా వెళ్ళాక నేను..." అన్నాడు.

శాస్త్రిగారు అతని వంక తేరిపార చూశారు.

"నువ్వూ నా ఎదుటికి రోజూ శుభ్రంగా తోముకునే వస్తున్నావు. కాసేపు అలా కూర్చో, చూద్దాం."