తోడేలు తల్లి భయం

వినండర్రా పిల్లలూ! అనగా అనగా కొండల అవతల వీరధ్వజుడనే రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. జంతువులు పిల్లలకు పాలిచ్చే కాలంలో వేటాడకూడదని ఆ రాజ్యంలో కట్టడి. రాజు దాన్ని లెక్కచేయలేదు. మూడు తోడేలు పిల్లలను చంపి, వాటి తోళ్లను సింహాసనం ముందు కాళ్లకింద పరిపించుకున్నాడు.

ఆ పిల్లల తల్లికి మంత్రాలు వచ్చు. కోట గుమ్మంలోకి వచ్చి, "నావాళ్లు ముగ్గురు. నీవాళ్లూ ముగ్గురే" అని వెళ్లిపోయింది.

ఆ పున్నమికి చంద్రుడు పైకి రాగానే రాజకుమారులు తోడేళ్లయిపోయారు. తెల్లారి మనుషులయ్యారు గానీ, పున్నమి పున్నమికీ ఏదో ఒకటి మరిచిపోసాగారు. పెద్దవాడు చదువు మరిచాడు, తల్లిని మరిచాడు, చివరికి తన పేరే మరిచాడు. ఇక మనిషి కాలేదు, అడవిలో కలిసిపోయాడు. రెండోవాడూ అంతే. చిన్నవాడైన మణికేతుడికి చదువు పోయింది, తల్లి ముఖం పోయింది. పేరొక్కటే మిగిలింది.

వచ్చే పున్నమికి అదీ పోతుంది. అందుకే అతను ఆ తల్లి తోడేలును వెతుకుతూ అడవికి బయలుదేరాడు, దారి పొడుగునా "మణికేతుడు, మణికేతుడు" అనుకుంటూ.

అడవిలో తేనె పట్టే ఇప్పి అనే పిల్ల అది విని పకపకా నవ్వింది. "ఏం దొరా, నిన్ను నువ్వే పిలుచుకుంటున్నావు? పలకడం లేదా?"

అతను అన్నల పేర్లతో సహా జరిగిందంతా చెప్పాడు.

"మరి ఆ తోళ్లేవి?"

"నాన్నగారి కాళ్లకిందే ఉన్నాయి."

"అయ్యో పిచ్చి దొరా! మావాళ్లు చచ్చిన ఎలుగుకైనా గుప్పెడు కొర్రలు చల్లి, పేరుపెట్టి పిలిచి మట్టి చేస్తారు. ముందు వాటిని పట్రా."

మణికేతుడు కోటకు తిరిగివెళ్లి అడిగితే, రాజు తానే వంగి మూడు తోళ్లూ చుట్టి కొడుకు చేతిలో పెట్టాడు.

పున్నమినాటి సాయంత్రం మణికేతుడూ ఇప్పీ తోడేలు గుహ ముందు నిలబడ్డారు.

"బంగారం తెచ్చావా?" అని గుర్రుమంది తోడేలు.

"లేదమ్మా."

"నీ తండ్రి తల తెచ్చావా?"

"లేదమ్మా. నీ పిల్లలను తెచ్చాను."

తోడేలు ఒక్కో తోలునూ వాసన చూసింది. "ముసలిదాన్నయ్యాను నాయనా. వీళ్ల ముఖాలు మరిచాను, వాసన మరిచాను. పగ ఒక్కటే గుర్తుంది. అదీ వదిలేస్తే, నాకు పిల్లలుండేవాళ్లన్న సంగతే మరిచిపోతానేమోనని భయం."

"ఆ భయం నాకూ తెలుసమ్మా. వాళ్ల పేర్లు చెప్పు. నువ్వు మరిచినా నేను మరవను."

"చుక్క. తెల్లచెవి. గున్న."

మణికేతుడు గొయ్యి తవ్వి అందులో తోళ్లు పెట్టి, కొర్రలు చల్లుతూ ఆ పేర్లే మళ్లీ మళ్లీ పలికాడు. చంద్రుడు పైకి వచ్చాడు. అతని చేతుల మీద బొచ్చు మొలిచింది. అయినా ఆ మూడు పేర్లే పలికాడు.

"నీ పేరేమిటి నాయనా?" అని అడిగింది తోడేలు.

అతనికి గుర్తు రాలేదు.

తోడేలు కళ్లు తడిశాయి. "నా పగ తీరింది. అమ్మాయీ, ముగ్గురన్నదమ్ములనూ పేరుపెట్టి పిలువు."

మణికేతుడి నోట విన్న పేర్లే కదా! ఇప్పి గొంతెత్తి పిలిచింది. మణికేతుడి బొచ్చు రాలిపోయింది. పొదల్లోంచి అన్నలిద్దరూ మనుషులై నడిచివచ్చారు.

మణికేతుడు ఇప్పిని పెళ్లాడాడు. అన్నలు తమకు రాజ్యం వద్దంటే తానే రాజై చాలాకాలం ఏలాడు. ముసలితనంలో పొద్దున ఏం తిన్నాడో కూడా గుర్తుండేది కాదు గానీ, ఆ మూడు పేర్లు మాత్రం రోజూ చెప్పేవాడు. తన పేరు మరిచిపోతే ఇప్పి పిలిచేది, అతను పలికేవాడు.

ఏదీ, ఆ మూడు పేర్లూ ఇప్పుడు మీరు చెప్పండి.